ఉప ఎన్నికకు ఆరు నెలల లెక్క ఎక్కడ మొదలవుతుంది?

శాసనసభ్యుడు మరణించినా, రాజీనామా చేసినా ఆరు నెలల్లో ఉప ఎన్నిక పెట్టి తీరాలంటారు కదా, అలాంటప్పుడు కొన్ని స్థానాలు నెలల తరబడి ఖాళీగా ఎందుకు ఉండిపోతాయి, ఎన్నిక జరిగితే గెలిచినవారు ఎంతకాలం పదవిలో ఉంటారు అని మీరు అడిగారు. నేను హైదరాబాద్ జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. నా ఓటు సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఉంది. మా స్థానం ఏడాది నాలుగు రోజుల తేడాలో రెండుసార్లు ఖాళీ అయింది. ఒకసారి ఉప ఎన్నిక రాలేదు, ఒకసారి వచ్చింది. ఆ తరువాత జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలో ప్రిసైడింగ్ అధికారిగా విధులు నిర్వహించాను. కాబట్టి చట్టంతో పాటు నేను చూసింది కూడా కలిపి చెబుతాను.

మీరు విన్న ఆరు నెలల నియమం నిజమే. అది 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 151ఎ సెక్షన్; 1996లో చేర్చారు. అంతకుముందు ఖాళీని భర్తీ చేయాలని చట్టం చెప్పేది కానీ, ఎప్పటిలోగా అన్నది చెప్పేది కాదు. అయితే ఆ సెక్షన్‌లోనే రెండు మినహాయింపులు ఉన్నాయి, వాటిని చాలామంది చదవరు. ఖాళీ అయిన స్థానానికి మిగిలిన పదవీకాలం ఏడాది కంటే తక్కువ ఉంటే ఆరు నెలల నిబంధన వర్తించదు. అలాగే గడువులోగా ఎన్నిక నిర్వహించడం కష్టమని కేంద్ర ప్రభుత్వాన్ని సంప్రదించి ఎన్నికల సంఘం ధ్రువీకరించినా వర్తించదు. మా కంటోన్మెంట్ మొదటి మినహాయింపు కిందికి వచ్చింది.

ఐదుసార్లు మా ఎమ్మెల్యేగా గెలిచిన జి. సాయన్న గారు 2023 ఫిబ్రవరి 19న మరణించారు. అప్పటి శాసనసభ తొలి సమావేశం 2019 జనవరి 17న జరిగింది కనుక దాని ఐదేళ్ల గడువు 2024 జనవరి 16తో ముగుస్తుంది. అంటే ఆయన స్థానానికి మిగిలింది పదకొండు నెలలు కూడా లేదు. అదే ఖాళీ నెలా నాలుగు రోజుల ముందు, అంటే జనవరి మధ్యలో ఏర్పడి ఉంటే, ఏడాది పైగా కాలం మిగిలి ఉండేది, ఎన్నికల సంఘం జూలైలోగా ఉప ఎన్నిక పెట్టవలసి వచ్చేది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఏడాదిని లెక్కించేది గత ఎన్నికల ఫలితాల తేదీ నుంచి కాదు, సభ తొలిసారి సమావేశమైన తేదీ నుంచి. 2018 డిసెంబరులో గెలిచారు కదా అని డిసెంబరు నుంచి లెక్క వేసుకున్నవాళ్లు మా కాలనీలోనే చాలామంది ఉన్నారు.

ఆ తొమ్మిది నెలలు మాకు ఎమ్మెల్యే లేరు. అంతకు మించిన విడ్డూరం, కంటోన్మెంట్ బోర్డుకు 2023 ఏప్రిల్ 30న జరగవలసిన ఎన్నికలను రక్షణ శాఖ మార్చిలోనే రద్దు చేసింది. మున్సిపాలిటీ స్థానంలో ఉండే బోర్డులోనూ మేము ఎన్నుకున్న సభ్యులు లేరు, శాసనసభలోనూ లేరు. మాకు మిగిలిన ప్రజాప్రతినిధి మల్కాజిగిరి ఎంపీ ఒక్కరే. ఆ వేసవిలో మా పక్కింటాయనకు గుండె ఆపరేషన్ జరిగింది. ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకుందామని ఆసుపత్రి బిల్లులన్నీ ఫైలులో కుట్టి నేనూ, ఆయన కొడుకూ ఒక కార్యాలయానికి వెళ్లాం. అక్కడి గుమాస్తా ఫైలు తిరగేసి, "ఎమ్మెల్యే గారి లెటర్ ఏది సార్?" అన్నాడు. సీటు ఖాళీగా ఉందని చెబితే ఒక క్షణం ఆలోచించి, "అయితే ఎవరిదైనా తెచ్చుకోండి" అన్నాడు. ఆ "ఎవరిదైనా" దొరకడానికి ఒక ఎమ్మెల్సీ కార్యాలయం చుట్టూ మూడుసార్లు తిరిగాం. డబ్బు చివరికి వచ్చింది. కానీ ఖాళీ సీటు అంటే అసెంబ్లీలో ఒక కుర్చీ ఖాళీ అనుకునే నాకు, మా వీధిలో అడగడానికి ఒక మనిషి లేకపోవడమని అప్పుడే అర్థమైంది.

ఆ ఏడాది నవంబరు 30న జరిగిన సాధారణ ఎన్నికల్లో సాయన్న గారి కుమార్తె లాస్య నందిత గెలిచారు. మూడు నెలలైనా గడవకముందే, 2024 ఫిబ్రవరి 23న, అవుటర్ రింగ్ రోడ్డు మీద జరిగిన ప్రమాదంలో ఆమె మరణించారు. ఈసారి దాదాపు మొత్తం పదవీకాలం మిగిలి ఉంది కనుక మినహాయింపు మాటే లేదు. ఎలాగూ లోక్‌సభ ఎన్నికలు వస్తున్నాయి కాబట్టి వాటితో పాటే మే 13న ఉప ఎన్నిక కూడా పెట్టారు. ఖాళీ ఏర్పడి మూడు నెలలు కూడా కాలేదు. ఒకే రోజు రెండు ఓట్లు వేయడం మా అమ్మకు తికమకగా అనిపించింది. మల్కాజిగిరి లోక్‌సభ స్థానానికి ఒక యంత్రం, అసెంబ్లీకి మరొకటి, రెండూ వేరువేరుగా అట్టపెట్టె చాటున ఉన్నాయి. లోక్‌సభ యంత్రం మీద అతికించిన బ్యాలెట్ కాగితం తెల్లగా, అసెంబ్లీది గులాబీ రంగులో ఉంటుంది. అమ్మ తెల్లదాని మీద మీట నొక్కి, బీప్ శబ్దం విని, పని అయిపోయిందనుకుని బయటికి నడిచింది. "అమ్మా, ఇంకోటి ఉంది, గులాబీది" అని పోలింగ్ అధికారి వెనక్కి పిలిచాడు. ఆ ఉప ఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థి శ్రీగణేశ్ 13,206 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు.

ఇక మీ ప్రశ్నలో రాజీనామా సంగతి. ఇక్కడే ఎక్కువ గందరగోళం ఉంది, ఎందుకంటే మరణానికి తేదీ ఒకటే ఉంటుంది, రాజీనామాకు రెండు ఉంటాయి. లేఖ ఇచ్చిన తేదీ వేరు, స్పీకర్ ఆమోదించిన తేదీ వేరు. సీటు ఖాళీ అయ్యేది రెండోదానితోనే. 1974లో చేసిన 33వ రాజ్యాంగ సవరణ తరువాత, రాజీనామా స్వచ్ఛందమైనదేనా, నిజమైనదేనా అని స్పీకర్ సంతృప్తి చెందాకే దాన్ని ఆమోదించాలి. దానికి గడువేమీ పెట్టలేదు. విశాఖ ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణకు నిరసనగా గంటా శ్రీనివాసరావు గారు 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన రాజీనామాను 2024 జనవరిలో ఆమోదించారు. దాదాపు మూడేళ్ల పాటు ఆ సీటు చట్టం దృష్టిలో ఖాళీయే కాలేదు. ఖాళీ అయ్యేసరికి సాధారణ ఎన్నికలు గుమ్మంలో ఉన్నాయి. కాబట్టి మీ ఎమ్మెల్యే రాజీనామా చేసి ఎన్ని నెలలైందన్నది కాక, ఆమోదం పొంది ఎన్ని నెలలైందన్నది చూడాలి.

కొద్ది రోజుల తేడా ఎంత పని చేస్తుందో 2018లో ఆంధ్రప్రదేశ్ చూసింది. ప్రత్యేక హోదా కోసం వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీలు ఐదుగురు ఏప్రిల్ 6న రాజీనామాలు ఇచ్చారు. ఆ స్థానాలు జూన్ 20 నుంచి ఖాళీ అయినట్టు లెక్కకు వచ్చింది. ఆ లోక్‌సభ గడువు 2019 జూన్ 3తో ముగుస్తుంది కనుక మిగిలింది ఏడాదికి పదిహేడు రోజులు తక్కువ. ఉప ఎన్నికలు లేవు. పక్కనున్న కర్ణాటకలో బళ్లారి, శివమొగ్గ, మండ్య లోక్‌సభ స్థానాలు అదే ఏడాది మే 18, 21 తేదీల్లో ఖాళీ అయ్యాయి, మిగిలింది ఏడాదికి కొంచెం ఎక్కువ. అక్కడ నవంబరు 3న ఉప ఎన్నికలు జరిగాయి. ఆరు నెలల కోసం ఐదుగురు కొత్త ఎంపీలను ఎన్నుకోవడం వృథా అని అప్పట్లో మా స్టాఫ్ రూమ్‌లో చాలామంది అన్నారు. ఖర్చు లెక్కన అది సబబే కావచ్చు. కాని రాజీనామాలు ఏప్రిల్‌లోనే ఆమోదం పొంది ఉంటే ఎన్నిక అనివార్యమయ్యేది. ఓటరుకు ఓటు వేసే అవకాశం ఒక సంతకం ఏ తారీఖున పడిందన్నదాని మీద ఆధారపడడం నాకు మింగుడుపడదు.

రెండో మినహాయింపును కోవిడ్ కాలంలో చూశాం. తిరుపతి ఎంపీ బల్లి దుర్గాప్రసాదరావు గారు 2020 సెప్టెంబరు 16న మరణిస్తే పోలింగ్ 2021 ఏప్రిల్ 17న జరిగింది. బద్వేలు ఎమ్మెల్యే డాక్టర్ వెంకటసుబ్బయ్య గారు 2021 మార్చి 28న మరణిస్తే పోలింగ్ అక్టోబరు 30న జరిగింది. రెండుచోట్లా ఏడు నెలలు పట్టింది. ఇవి కాక, కోర్టు పిటిషన్ కారణంగా ఆగే ఖాళీలు ఉన్నాయి. గత ఎన్నికలో ఓడినవారు, గెలిచిన వ్యక్తి ఎన్నిక చెల్లదని, తమనే గెలిచినట్టు ప్రకటించాలని వేసిన పిటిషన్ నడుస్తుంటే, అది తేలకముందే ఉప ఎన్నిక పెడితే ఒకే సీటుకు ఇద్దరు వచ్చే ప్రమాదం ఉంటుంది. ఈ చిక్కు మన దామోదరం సంజీవయ్య గారి కేసులోనే 1967లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఆయన శాసనసభ సీటుకు రాజీనామా చేసినంత మాత్రాన పిటిషన్ కొట్టుకుపోదని, ఎన్నికల సంఘం వెంటనే ఉప ఎన్నిక పెట్టి తీరాలని లేదని కోర్టు తేల్చింది.

జూబ్లీహిల్స్‌లో ఇలాంటి చిక్కులేమీ లేవు. ఎమ్మెల్యే మాగంటి గోపీనాథ్ గారు 2025 జూన్ 8న మరణించారు, పోలింగ్ నవంబరు 11న, లెక్కింపు 14న జరిగాయి. చిక్కంతా అభ్యర్థుల సంఖ్యలో వచ్చింది. ఉపసంహరణలు ముగిశాక బరిలో 58 మంది మిగిలారు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో పదహారు మీటలే ఉంటాయి కనుక, నోటాతో కలిపి 59 వరుసలకు నాలుగు యూనిట్లు కావాలి. ముందురోజు సాయంత్రం మాకు కేటాయించిన కేంద్రానికి చేరేసరికి అక్కడ వేసిన టేబుల్ మీద మూడు యూనిట్లే పట్టాయి. నాలుగోది సగం గాలిలో వేలాడింది. పక్క గదిలోంచి పిల్లల డెస్కులు రెండు తెచ్చి జత చేసి, ఎత్తు తేడాకు కింద అట్టముక్కలు పెట్టి, యూనిట్లను వరుసగా పేర్చాం. ఒకటో యూనిట్ తీగ రెండోదానికి, రెండోది మూడోదానికి ఇలా కలుపుకుంటూ పోవాలి. ప్రతి యూనిట్ లోపలి స్విచ్‌ను దాని వరుస సంఖ్య మీద ఉంచాలి, లేకపోతే యంత్రం మొరాయిస్తుంది. పొద్దున పోలింగ్ మొదలవకముందే ఏజెంట్ల ఎదుట మాక్ పోల్‌లో ప్రతి మీటా పనిచేస్తోందో లేదో చూపించాలి. 59 మీటలు నొక్కి, ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ యంత్రం చీటీలు లెక్కపెట్టి, ఆ ఓట్లన్నీ చెరిపేసి, సీళ్లు వేసేసరికి ఏడు గంటలైంది.

ఓటర్లకూ ఇది పరీక్షే. నోటా నాలుగో యూనిట్‌లో పదకొండో మీట. అంతదాకా వెతికి నొక్కినవారి ఓపికకు నమస్కారం చెప్పాలి. ఒక పెద్దావిడ మొదటి యూనిట్ ముందే చాలాసేపు నిలబడి, "నేను వేసే గుర్తు ఇందులో లేదయ్యా" అంది. నేను దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చూపించకూడదు, గుర్తు పేరు అడగకూడదు. "అమ్మా, నాలుగు పెట్టెలూ మెల్లగా చూడండి" అని నిలబడ్డ చోటు నుంచే చెప్పాను. ఉప ఎన్నికల్లో ఇంతమంది పోటీ చేయడాన్ని ప్రజాస్వామ్య ఉత్సాహంగా కొందరు చెబుతారు. నేనంత నమ్మను. పది వేల రూపాయల డిపాజిట్‌తో ప్రభుత్వం దృష్టికి తమ గోడు తేవాలనుకునే బాధితులు కొందరు ఉంటారు నిజమే, కాని పోలిన గుర్తుతో పెద్ద పార్టీ ఓట్లు చీల్చడానికి దిగేవారూ ఉంటారు. 2020లో దుబ్బాకలో తేడా 1,079 ఓట్లు. కారు గుర్తును పోలినట్టుందని తరువాత గొడవ జరిగిన చపాతీ రోలర్ గుర్తుకు అక్కడ మూడు వేలకు పైగా ఓట్లు పడ్డాయి.

మధ్యాహ్నం మూడు తరువాత మా కేంద్రంలో వరుసే లేదు. నియోజకవర్గం మొత్తం మీద పోలింగ్ 48.49 శాతం. 2022లో మునుగోడు ఉప ఎన్నికలో 93 శాతం దాటిందని గుర్తుచేసుకుంటే ఇవి రెండూ ఒకే రాష్ట్రంలో జరిగిన ఎన్నికలేనా అనిపిస్తుంది. పల్లెల్లో ఉప ఎన్నిక అంటే రోడ్లు పడతాయి, పథకాలు ముందుగా తమ దగ్గరే మొదలవుతాయి అన్న ఆశ ఉంటుంది. హుజూరాబాద్ ఉప ఎన్నిక తరువాత "మా ఎమ్మెల్యే కూడా రాజీనామా చేస్తే బాగుండు" అన్న మాట జిల్లాల్లో మామూలైపోయింది. నగరంలో ఆ ఆశా లేదు, ఆసక్తీ లేదు.

గెలిచినవారి పదవీకాలం విషయానికి వస్తే, వారికి కొత్తగా ఐదేళ్లు రావు, పోయినవారి కాలంలో మిగిలిందే దక్కుతుంది. జూబ్లీహిల్స్‌లో 24,729 ఓట్ల ఆధిక్యంతో గెలిచిన నవీన్ యాదవ్ గారి పదవి, సభ మధ్యలో రద్దు కాకపోతే, మూడేళ్లకు పైచిలుకు ఉంటుంది. ప్రస్తుత తెలంగాణ శాసనసభ తొలిసారి 2023 డిసెంబరు 9న సమావేశమైంది, దాని గడువు 2028 డిసెంబరు 8. మీ నియోజకవర్గం ఏ రాష్ట్రంలో ఉందో మీరు రాయలేదు. తెలంగాణలోదైతే, 2027 డిసెంబరు రెండో వారం దాటాక ఏర్పడే ఖాళీకి ఆరు నెలల నిబంధన వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌లోదైతే, అక్కడి సభ 2024 జూన్ 21న మొదలైంది కనుక, 2028 జూన్ మూడో వారం దాటిన తరువాత ఖాళీ అయ్యే స్థానాల పరిస్థితి 2023లో మా కంటోన్మెంట్ పరిస్థితే.