మాల వేసుకున్న మూడో రోజు గోడ మీద చీమలు

ప్రశ్న: మా ఆయనకు 42 ఏళ్లు, ఆటో నడుపుతారు. పొద్దున లేవగానే క్వార్టర్ పడాల్సిందే. పోయిన కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా మానేశారు. మూడో రోజుకు చేతులు వణికాయి. గోడ మీద చీమలు పాకుతున్నాయంటూ రాత్రంతా తువ్వాలుతో దులుపుతూనే ఉన్నారు. దీక్షలో తప్పు జరిగిందని అత్తగారు మాల తీయించారు. తాగాక సర్దుకుంది. ఇప్పుడు మానమంటే ‘మానితే చస్తా’ అంటున్నారు. తెలియకుండా అన్నంలో కలిపే పొడి తెప్పించాను. కలపనా?

జవాబు: కలపకండమ్మా. ఆ పొడిలో ఏముందో మీకు తెలియదు, అమ్మినవాడు చెప్పడు. ఒకవేళ అది డైసల్ఫిరామ్ (తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే మందు) అయితే, అది ఒంట్లో ఉండగా తాగితే వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. డాక్టర్లయినా మనిషికి చెప్పి, ఒప్పించాకే ఇస్తారు. పైగా ఏదో ఒకరోజు ఆయనకు తెలుస్తుంది. ఆ తర్వాత మీరు పెట్టిన ముద్ద నమ్మి తినరు.

ఇక చీమలు. అది స్వామి ఆగ్రహం కాదు. ఏళ్ల తరబడి మందుకు అలవాటుపడిన మెదడుకు అది ఒక్కసారిగా అందకపోతే అదుపు తప్పుతుంది. ఆరేడు గంటలకే వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి లేనివి కనిపిస్తాయి, మాట తడబడుతుంది. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణాలు పోతాయి. కాబట్టి ‘మానితే చస్తా’ అన్నది సాకు సగమే.

అందుకే సీసా దాచేసి, గదిలో పెట్టి మాన్పించకండి. పెద్దాస్పత్రిలో సైకియాట్రీ డాక్టరుకు చూపించండి. రోజుకెంత తాగుతారు, చివరిసారి ఎన్నింటికి తాగారు, ఆ రాత్రి ఏం జరిగింది, దాచకుండా చెప్పండి. వణుకు, ఫిట్స్ రాకుండా కొన్ని రోజులు మందులిచ్చి తగ్గిస్తూ వస్తారు, బి1 విటమిన్ ఇస్తారు. ఊళ్లో ఉత్త గ్లూకోజ్ ఎక్కించి పంపేస్తే సరిపోదు. మళ్లీ తాగాలనిపించకుండా ఇచ్చే మందులు, కౌన్సెలింగ్ ఆ తర్వాతి సంగతి. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 14446కు (మత్తు మాన్పించే హెల్ప్‌లైన్) గానీ 14416కు (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీ మానస్) గానీ ఫోన్ చేయండి, డబ్బులేం పడవు. ఫిట్స్ వస్తే మాత్రం 108.

అన్నట్టు, ఆటోలో స్కూలు పిల్లల్ని ఎక్కించుకుంటుంటే ఆ ట్రిప్పులు ఈరోజే ఆపించండి.

ఆయనతో గొడవపడకుండా, కాస్త నిలకడగా ఉన్న వేళ చూసి చెప్పండి: ‘మీరన్నది నిజమే, ఇంట్లో మానితే ప్రమాదమే, అందుకే ఆస్పత్రిలో మానుదాం’ అని. వెళ్లేటప్పుడు అత్తగారినీ తీసుకెళ్లండి. చీమల సంగతి డాక్టరు నోటే ఆవిడా వింటారు.