అక్కడ లీజుకివ్వగా లేనిది ఇక్కడ 1/70 అడ్డమెందుకు?

ప్రశ్న: మా అబ్బాయి కెనడాలో ఉద్యోగం చేస్తున్నాడు. అతని స్నేహితులు అక్కడి ఆదిమ జాతి వారి రిజర్వు ప్రాంతంలో, సరస్సు ఒడ్డున, లీజు స్థలంలో చిన్న ఇల్లు తీసుకున్నారట. ఆ భూమిని ఎవరికి, ఎన్నేళ్లకు ఇవ్వాలో నిర్ణయించుకునే అధికారం ఆ జాతి వారికే ఉందట. ఇక్కడ మా బంధువొకరు రంపచోడవరం దాటాక ఒక కొండరెడ్డి కుటుంబపు జీడిమామిడి తోటను పదేళ్లకు కౌలుకు తీసుకోబోతే, ఆ కుటుంబానికి ఇష్టమే అయినా, ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదలాయించరాదనే 1/70 చట్టం ఒప్పుకోదన్నారు. అక్కడి వారిని పెద్దలుగానూ మన గిరిజనులను మైనర్లుగానూ చూడడం కాదా ఇది?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, అంబాజీపేట

జవాబు: మాస్టారూ, మీ అబ్బాయి చెప్పింది నిజమే. అయితే ఆ లీజు వెనుక ఒక ఊరు ఊరంతా ఓటు వేసి ఆమోదించిన నియమావళి ఉంది. మీ బంధువు తలపెట్టిన కౌలు వెనుక ఉన్నది ఇద్దరు మనుషులు, ఒక కాగితం మాత్రమే.

కెనడాలో ఆదిమ జాతుల వ్యవహారాలు చూసే 1876 నాటి ‘ఇండియన్ చట్టం’ ప్రకారం రిజర్వు భూములపై యాజమాన్యం కెనడా ప్రభుత్వానిది. ఎకరం లీజుకివ్వాలన్నా ఒట్టావాలోని మంత్రిత్వ శాఖ ఆమోదం కావలసి వచ్చేది. దీనితో విసిగిన 14 ఆదిమ జాతుల నాయకులు 1996లో కేంద్ర ప్రభుత్వంతో ఒక ఒప్పందం చేసుకోగా, 1999లో పార్లమెంటు దానికి చట్టరూపం ఇచ్చింది. 2022లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. ఇందులో చేరదలచిన సమాజం తన భూ నియమావళిని తానే రాసుకుని, రిజర్వులో ఉంటున్నవారూ బయట బతుకుతున్నవారూ కలిసి ఓటు వేసి నెగ్గించుకుంటే, ఆ రోజునుంచి ఇండియన్ చట్టంలోని భూమి సెక్షన్లు వారికి వర్తించవు. 2000 జనవరిలో ఒంటారియోలోని జార్జినా ఐలాండ్, స్కూగాగ్ ఐలాండ్, సస్కాచువాన్‌లోని మస్కోడే సమాజాలు మొదటగా ఈ దారి పట్టాయి. ఇప్పుడు వాటి సంఖ్య వంద దాటింది. ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చిన నిబంధన ఒకటుంది. దంపతులు విడిపోతే ఇల్లు ఎవరికి దక్కాలన్న విషయంలో ఇండియన్ చట్టం నోరు మెదపలేదు. కొత్త పద్ధతిలో చేరిన సమాజం మాత్రం దానికి తానే నియమాలు రాసుకుని తీరాలి. ఇంత అధికారం వచ్చినా ఆ భూమిని అమ్మే వీలు మాత్రం లేదు. కాగితం మీద యాజమాన్యం ఇప్పటికీ ప్రభుత్వానిదే.

ఇక మన 1/70 సంగతి. 1917లోనే ఏజెన్సీ భూముల బదలాయింపుపై ఆంక్షలు పెట్టారు; 1959లో రెగ్యులేషన్ వచ్చింది; 1970లో దాన్ని సవరించి బిగించారు. ఉప్పుకో గుడ్డకో చేసిన అప్పు నాలుగు పంటలు తిరిగేసరికి పొలం మీదికి ఎక్కడం అంతకుముందు కొండల్లో మామూలు వ్యవహారం. ఆ అప్పులిచ్చినవారు మైదానం నుంచి వెళ్లినవారేనని డెల్టావాళ్లమైన మనం ఒప్పుకోవాలి. అందుకే షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, వేరుగా రుజువయ్యేదాకా, గిరిజనుడి నుంచి వచ్చిందేనని ఆ చట్టం భావిస్తుంది. ఒక గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్ముకోవడం కూడా అక్కడ చెల్లదు. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వం కూడా ఈ కట్టుబాటు కిందికే వస్తుందని, గనుల కోసం గిరిజనేతరులకు అక్కడి భూమిని లీజుకివ్వరాదని తేల్చింది. ఇందులో గిరిజనుడిని మైనరుగా చూడడం నాకు కనిపించదు. మన లంకల్లో నిరుపేదకు ఇచ్చిన డి-పట్టా భూమిని అన్యాక్రాంతం చేయరాదని 1977లో చట్టం చేసినప్పుడు, ఆ రైతును మైనరు చేశారని ఎవరూ అనలేదు కదా.

అయినా మీ ప్రశ్నలో నన్ను ఆలోచింపజేసిన భాగం ఒకటుంది. 1/70 తలుపు మూస్తుంది గాని తాళంచెవిని ఊరి చేతికివ్వదు; అది గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు దగ్గరే ఉంటుంది. ఆ తాళంచెవిని గ్రామసభకు ఇచ్చే ప్రయత్నం 1996 డిసెంబరులో వచ్చిన పెసా (షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం చేసింది; దానికి మన రాష్ట్రం 2011లో గాని నియమాలు రాయలేదు. అందులోనైనా భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలనే ఉంది. సమ్మతి తీసుకోవాలని లేదు. ఈ రెండు మాటల మధ్య ఎడం ఎంతో పోలవరం ముంపులో ఊళ్లు వదిలిన దేవీపట్నం మండలం వారిని అడిగితే తెలుస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం ఒక అడుగు ముందుకు వేసింది. సాముదాయక అటవీ వనరుల హక్కు దక్కిన ఊరు తన అడవిలో వెదురు ఎప్పుడు కొట్టాలో, ఏ వాలును వదిలేయాలో తానే తీర్మానించుకోవచ్చు. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంపై ఒడిశాలోని నియమగిరిలో గ్రామసభలు జరిపితే, 12 ఊళ్లూ బాక్సైట్ గని వద్దన్నాయి; గని రాలేదు. కెనడా పద్ధతికి మన దగ్గర దగ్గరి చుట్టం వెతకాలంటే అది ఇక్కడుంది. 1/70ని ఎత్తేయడంలో లేదు.

మీ బంధువు విషయానికొస్తే, ఆ చట్టంలో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. తనఖా, దానం, మార్పిడితో పాటు కౌలు కూడా బదలాయింపే. నోటరీ ముద్ర వేయించినా ఆ కాగితం చెల్లదు. తోటలోనుంచి ఖాళీ చేయించే అధికారం డిప్యూటీ కలెక్టరుకు ఉంది, ఇచ్చిన అడ్వాన్సు తిరిగి వస్తుందన్న భరోసా లేదు. వేరొక గిరిజనుడి పేరు పెట్టి తాను సాగు చేయించుకోవడం ఇంకా పెద్ద చిక్కు. ఆయనకు కావలసింది జీడిగింజలే అయితే, వేసవిలో కొండమీది సంతకు వెళ్లి తూకం వేయించుకుని కొనుక్కోమనండి. దానికి 1/70 అడ్డు రాదు.