ప్రకృతి నియమాలు ఇంత క్లుప్తంగా ఉండటం దేనికి సూచన?

తిరుపతి దగ్గర గాదంకిలో, వాతావరణపు పొరలను పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను పైకి పంపి, తిరిగొచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనుల నుంచి పైగాలుల వేగాన్ని లెక్కగడుతుంది. ఆ తరంగాల నడకంతా, విద్యుత్తునూ అయస్కాంతత్వాన్నీ కలిపి వివరించే మాక్స్‌వెల్ నాలుగు సమీకరణాల్లో ఇమిడిపోతుంది. వెలుగు కూడా అలాంటి తరంగమే కాబట్టి, శేషాచలం కొండల మీద పడే ఎండదీ అదే లెక్క! నాకిది ఎప్పటికీ అబ్బురమే.

దీన్నిబట్టి సృష్టికర్త ఉన్నాడనో లేడనో మాత్రం తేల్చలేం. పైగా అందం ఒక్కటే రుజువు కాదు. గ్రహాలు వృత్తాల్లోనే తిరగాలని శతాబ్దాలపాటు నమ్మారు, వృత్తం అంత పరిపూర్ణంగా తోచింది మరి. 1609లో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ అంగారకుడి కక్ష్య దీర్ఘవృత్తమని చూపాడు. సరళత చెదిరినట్టే అనిపించింది. కానీ 1687లో న్యూటన్, దూరపు వర్గానికి విలోమంగా తగ్గే (దూరం రెట్టింపైతే నాలుగో వంతయ్యే) ఒకే ఒక్క ఆకర్షణ నుంచి ఆ దీర్ఘవృత్తాన్ని రాబట్టాడు.