టెక్నాలజీ మీద నోరు విప్పేముందు: మేనల్లుడికి మామయ్య ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. కంప్యూటర్ల గురించీ, వాటితో ముడిపడ్డ లోకం సంగతుల గురించీ నీకు తోచింది రాయడం మొదలుపెట్టానని, ఎలా రాస్తే నలుగురూ చదువుతారో చెప్పమని అడిగావు. పంపినవన్నీ కూర్చుని చదివాను. భాష బాగుంది, వెటకారం అంతకంటే బాగుంది. కానీ నీ అభిప్రాయం వార్త రాకముందే తయారై కూర్చుంటోందిరా. కంపెనీ పేరు చూడగానే తిట్టాలో మెచ్చుకోవాలో తేలిపోతోంది, మిగతా పేరాలన్నీ దానికి సాక్ష్యాలు వెతుక్కుంటున్నాయి. ఆ మాత్రం రాయడానికి కంప్యూటర్ తెలిసినవాడే అక్కర్లేదు.

మనకో వెసులుబాటు ఉంది. ఎక్కడో జరిగే యుద్ధం గురించి రాసేవాడు చాలాసార్లు అక్కడికి వెళ్లి చూడలేడు. మనం రాసే వస్తువు మాత్రం తరచూ మన బల్ల మీదే ఉంటుంది. మూత తీయొచ్చు, కమాండ్ కొట్టొచ్చు, కొలవొచ్చు. నోరు విప్పేముందు ఆ పని చెయ్యి. నేను చెప్పబోయేది చాలావరకు ఇదే.

చిన్నదానితో మొదలుపెడతా. కొత్త 1 టీబీ డిస్క్ తగిలిస్తే విండోస్ 931 జీబీ అని చూపిస్తుంది. వెంటనే "డిస్క్ కంపెనీలు మోసం చేస్తున్నాయి" అని రాసేవాళ్లు ప్రతి ఏడాదీ పుట్టుకొస్తారు. డిస్క్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే బైట్ల లెక్క కనిపిస్తుంది. లక్ష కోట్ల బైట్లూ అక్కడే ఉంటాయి, ఒక్కటీ ఎక్కడికీ పోలేదు. డిస్క్ తయారుచేసేవాళ్లు వంద కోట్ల బైట్లను ఒక జీబీ అంటారు. విండోస్ 1024ని మూడుసార్లు హెచ్చవేసి, 107 కోట్ల 37 లక్షల పైచిలుకు బైట్లను ఒక జీబీ అంటుంది. అదే డిస్క్ మ్యాక్‌కి తగిలిస్తే 1 టీబీ అనే చూపిస్తుంది, యాపిల్ 2009లోనే లెక్క మార్చుకుంది కాబట్టి. 1998లో ఐఈసీ అనే ప్రమాణాల సంస్థ రెండో లెక్కకు గిబిబైట్ అని వేరే పేరు కూడా పెట్టింది, విండోస్ పట్టించుకోలేదు. ఇప్పుడు చెప్పు, తిట్టాల్సింది ఎవర్ని? నేనైతే డిస్క్ వాళ్లను వదిలేసి విండోస్‌ను తిడతా. నువ్వు ఒప్పుకోకపోవచ్చు. కానీ ఇద్దరం ఒకే లెక్క ముందు పెట్టుకుని కొట్లాడుకుంటాం, అది చదవడానికి బాగుంటుంది.

నెట్ స్పీడు సంగతీ అంతే. 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో డౌన్‌లోడ్ సెకనుకు 12 మెగాబైట్లు దాటడం లేదని గోల పెట్టేముందు ఎనిమిదితో భాగించాలి, ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి. సరే, అది నీకు తెలుసు.

పెద్ద వార్తల దగ్గరకి వద్దాం. నిజమైన పరీక్ష అక్కడే. 2024 జూలై 19న ప్రపంచమంతా విమానాశ్రయాల్లో, ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో తెరలు నీలంగా మారిపోయాయి. మొదటి రెండు మూడు గంటల్లో సగం మంది సైబర్ దాడి అన్నారు, మిగతా సగం మైక్రోసాఫ్ట్ కొంప ముంచిందన్నారు. రెండూ తప్పే. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కి పంపిన ఒక చిన్న కాన్ఫిగరేషన్ ఫైలు వల్ల జరిగిందది. ఫైలు 21 విలువలు అడుగుతుంటే ప్రోగ్రాం 20 మాత్రమే అందించింది. లేని ఇరవై ఒకటోదాని కోసం మెమరీలో హద్దు దాటి చదవబోయి కూలబడింది. ఆ ప్రోగ్రాం కెర్నెల్లో, అంటే విండోస్ గుండెకాయలో, కూర్చుని ఉంది కాబట్టి తనతోపాటు మొత్తం విండోస్‌ను తీసుకుపోయింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం పడిపోయిన మెషిన్లు 85 లక్షలు. 78 నిమిషాల్లో ఆ ఫైలును వెనక్కి తీసుకున్నారు, కానీ అప్పటికే పడిపోయి బూట్ అవ్వని మెషిన్‌కి ఆ సవరణ ఎలా చేరుతుంది? చాలాచోట్ల మనిషి ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలు చెరిపేయాల్సొచ్చింది. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ పెట్టుకున్నచోట 48 అంకెల రికవరీ కీ కూడా కొట్టాలి. ఆ కీలు దాచిన సర్వరూ అదే నీలం తెర చూపిస్తుంటే ఆ అడ్మిన్ టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకో.

ఇంత తెలిశాక పుట్టే అభిప్రాయాలు చూడు. బయటి కంపెనీ సాఫ్ట్‌వేర్ కెర్నెల్లో ఎందుకుండాలి? ముందు కొద్ది మెషిన్లకు పంపి చూడకుండా ఒకేసారి అందరికీ ఎందుకు వదిలారు? తాళం చెవులు ఏ ఇంటివో ఆ ఇంట్లోనే పెట్టి ఎందుకు తాళం వేశారు? వీటిమీద ఏడాది తర్వాత రాసినా పాతబడదు. "మైక్రోసాఫ్ట్ మళ్లీ చేసింది" అన్నది మాత్రం సాయంత్రానికే చెల్లని కాసు అయింది.

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రాం దాదాపు ఆరు గంటలు ఆగిపోయినప్పుడూ హ్యాకింగ్ అనే పుకారే ముందు పరిగెత్తింది. ఆ సమయంలో టెర్మినల్ తెరిచి, సైటు పేరుకు అడ్రస్ వెతికే డిగ్ కమాండ్ కొట్టినవాడికి కళ్లముందే తెలిసిపోయింది, సైటు నెమ్మదించడం సంగతి అటుంచి దాని పేరుకు అడ్రసే దొరకడం లేదని. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల సొంత నెట్‌వర్క్‌ను తెంచేసింది. దాంతో పేర్లకు అడ్రసులు చెప్పే డీఎన్ఎస్ సర్వర్లకు దారి ఎటో మిగతా ఇంటర్నెట్‌కి చాటే బీజీపీ ప్రకటనలు ఆగిపోయాయి. కారణం వాళ్లు తర్వాత చెప్పారు గానీ, లక్షణం మాత్రం ఎవరైనా ఆ నిమిషంలోనే చూడగలిగేది. కాబట్టి మొదటి రోజు నువ్వు చూసిన లక్షణం రాయి, ఏ కమాండ్‌కి ఏ జవాబు వచ్చిందో రాయి. కారణం తేలేదాకా తీర్పు జేబులో పెట్టుకో. అందరికంటే ముందు చెప్పాలన్న దురద ఉంటుంది, నాకూ ఉంటుంది. ఆ దురద తీర్చుకోవడానికి లక్షణం చాలు.

కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ గురించి నీ ఒక వ్యాసంలో "ఓపెన్ సోర్స్ అంటే భద్రం, ఎందుకంటే అందరూ చూస్తారు" అని రాశావు. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ వ్యవహారం ఒకసారి చదివి, ఆ వాక్యం దగ్గరకి తిరిగి వెళ్లు. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న లైబ్రరీ, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో దాదాపు అంతటా ఉంటుంది. ఒక అజ్ఞాత వ్యక్తి రెండేళ్లకు పైగా ఓపిగ్గా పనికొచ్చే మార్పులు పంపి, నమ్మకం సంపాదించి, నిర్వహణలో భాగమై, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి పెట్టాడు. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్. వేరే పని మీద స్పీడు కొలుస్తుంటే దూరంగా ఉన్న మెషిన్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ 0.3 సెకన్లకు బదులు 0.8 సెకన్లు పడుతోంది. అర సెకను! మనలో చాలామంది నెట్ స్లోగా ఉందనుకుని టీ తాగడానికి లేచేవాళ్లం. ఆయన మాత్రం ఎందుకా అని తవ్వుకుంటూ వెళ్లి ఆ దొడ్డిదారి దగ్గర తేలాడు. ఇప్పుడు, అందరూ చూస్తారన్నమాట నిజమేనా? అన్నేళ్లు దాన్ని చూసుకుంటున్నది ప్రధానంగా ఒకే ఒక్క మనిషి, అదీ జీతం లేకుండా, అలసిపోయి. మరి ఓపెన్ సోర్స్ అభద్రమా? కోడ్ తెరిచి ఉంది కాబట్టే ఆయన తవ్వగలిగాడు కదా. రెండు వైపులా నినాదాలు రాసినవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ అర సెకనే ఆసక్తి. నీ వ్యాసంలో అలాంటి అర సెకను ఒకటి దొరికితే నినాదం అవసరం రాదు.

ఇక లోకం సంగతులు. ఇక్కడ మనవాళ్లకో జబ్బుంది. పైథాన్‌లో ప్రోగ్రాం రాయడం వస్తే ఆర్థికశాస్త్రం కూడా వచ్చేసినట్టే మాట్లాడతారు. చట్టాల మీద, ఉద్యోగాల మీద, ఎన్నికల మీద నీకు అభిప్రాయం ఉండొచ్చు, ఓటరుగా ఉండాలి కూడా. కంప్యూటర్ తెలిసినవాడిగా మాత్రం నీ మాటకు విలువ ఉన్న చోటు ఒకటే: యంత్రం ఏం చేయగలదు, ఏం చేయలేదు. అది గట్టిగా చెప్పు. మిగతాది నీ సొంత మాటగా చెప్పు, గొంతు కాస్త తగ్గించి.

ఉదాహరణకి ఎన్‌క్రిప్షన్, అంటే సందేశాన్ని తాళం చెవి ఉన్నవాడికే అర్థమయ్యేలా మార్చడం. నేరస్తుల్ని పట్టుకోవడానికి పోలీసులకు మాత్రమే తెరుచుకునే ఏర్పాటు పెట్టండని ఏదో ఒక ప్రభుత్వం ఎప్పుడూ అడుగుతూనే ఉంటుంది. నేరస్తుల్ని పట్టుకోవాలా వద్దా అన్న చర్చలోకి నువ్వు వెళ్లనక్కర్లేదు. 2004-05లో గ్రీస్‌లో ఏం జరిగిందో చెప్పు చాలు. ఒక మొబైల్ నెట్‌వర్క్ ఎక్స్చేంజీల్లో, చట్టప్రకారం ఫోన్లు వినడానికని ఉంచిన సదుపాయాన్నే ఎవరో దొంగచాటుగా వాడుకుని, ప్రధానమంత్రితో సహా వందమందికి పైగా ఫోన్లు నెలల తరబడి విన్నారు. ఆ సాఫ్ట్‌వేర్‌కి వినేవాడు పోలీసో దొంగో తెలియదు. అది చెప్పగలిగేది మనం, ఎందుకంటే అది యంత్రం సంగతి.

ఏఐ గురించి నువ్వు రాసింది రెండు ముక్కలుగా ఉంది. ఒకదాంట్లో అది దేవుడు, ఇంకోదాంట్లో ఒట్టి బడాయి. రెండూ వారం తేడాలో రాశావు! ఇక్కడా బల్ల మీదకి తెచ్చుకోవచ్చు. 700 కోట్ల పారామీటర్ల (అది నేర్చుకున్న అంకెల) మోడల్ ఒకటి దించుకుని నీ మెషిన్ మీదే నడిపి చూడు. ఒక్కో పారామీటర్‌కి 16 బిట్లు అంటే 14 జీబీ, 4 బిట్లకు కుదిస్తే మూడున్నర జీబీ, దాని పైన కొంత. మాటలు ఒక్కొక్కటిగా ఎలా రాలుతున్నాయో, ఫ్యాన్ ఎలా అరుస్తుందో చూశాక "డేటా సెంటర్లకు కరెంటు" అన్న వార్త నీకు వేరేలా వినిపిస్తుంది. ఆ తర్వాత నీకు క్షుణ్ణంగా తెలిసిన విషయం ఒకటి అడుగు, తెలియనిది కాదు. తప్పును కూడా ఎంత ధీమాగా చెబుతుందో అప్పుడే తెలుస్తుంది. 2023లో న్యూయార్క్‌లో కొందరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పుల పేర్లు కోర్టులో దాఖలు చేశారు. అలాంటి తీర్పులే లేవు. జడ్జి 5,000 డాలర్లు జరిమానా వేశాడు. వాళ్లు చదువురానివాళ్లేం కాదు, ఆ వాక్యాలు అంత సాఫీగా ఉంటాయి. ఎన్ని ఉద్యోగాలు పోతాయన్నది మాత్రం నీ బల్ల మీద తేలేది కాదు. అంకె వేయకు.

అంకె వేయాలనిపిస్తే తేదీ కూడా వెయ్యి. బాబ్ మెట్‌కాఫ్ కంప్యూటర్లను తీగతో కలిపే ఈథర్‌నెట్ కనిపెట్టినవాళ్లలో ఒకడు, నెట్‌వర్క్ గురించి ఆయనకంటే తెలిసినవాళ్లు కొద్దిమందే. 1996లో ఇంటర్నెట్ కుప్పకూలుతుందని 1995లో రాశాడు. కూలలేదు. 1997లో ఒక సమావేశంలో అందరి ముందూ తను రాసిన కాగితాన్ని నీళ్లతో మిక్సీలో వేసి తాగేశాడు. నాకు ఆయనంటే గౌరవం పెరిగింది. గడువు పెట్టి జోస్యం చెప్పాడు కాబట్టే అది తప్పని తేలింది. "రాబోయే రోజుల్లో అంతా మారిపోతుంది" అన్నవాడికి కాగితం తాగే బాధే లేదు.

గడువున్న జోస్యం కావాలంటే 2038 తీసుకో. 1970 జనవరి 1 నుంచి సెకన్లను 32 బిట్లలో లెక్కపెట్టే సిస్టమ్‌లకి 2038 జనవరి 19న, యూటీసీ ప్రకారం 3 గంటల 14 నిమిషాల 7 సెకన్ల తర్వాత లెక్క తిరగబడి 1901లోకి పోతుంది. పీసీలు, సర్వర్లు చాలావరకు 64 బిట్లకు మారాయి. గోడల్లో, యంత్రాల్లో పాతుకున్న చిన్న చిన్న కంట్రోలర్ల సంగతే చూడాలి. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పుతాయన్న వైటూకే భయం గురించి "ఏమీ జరగలేదుగా, ఉత్త హడావిడి" అని నువ్వు రాసింది మాత్రం కొట్టేయి. ప్రోగ్రామర్లు ఏళ్లతరబడి పాత కోడ్ వెతికి రెండంకెల సంవత్సరాలు సరిచేశారు, అందుకే ఏమీ జరగలేదు.

విండోసా లినక్సా, ఆండ్రాయిడా ఐఫోనా, ఈ గొడవల జోలికి అసలు పోకు. తెగవు.

వచ్చేసారికి ఒక పని చెబుతా. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచే ప్రాసెసర్ ఉండాలి. దాంతో బంగారంలా పనిచేసే మెషిన్లు చెత్తలోకి పోతున్నాయి. నాకు దీనిమీద ఒళ్లు మండుతుంది, ఆ సంగతి నీకు ముందే చెబుతున్నా, నా మాట ఆ మేరకు తగ్గించుకుని విను. భద్రత కోసమే ఈ షరతు అన్న మైక్రోసాఫ్ట్ వాదనలో పస లేకపోలేదు. కీలను వేరే చిప్‌లో దాచడం మంచి పద్ధతే. నువ్వు ముందు నీ పాత ల్యాప్‌టాప్‌లో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ (tpm.msc) అని కొట్టి ఏం వస్తుందో చూడు. విండోస్ కంటే ముందు తెరుచుకునే బయాస్ సెట్టింగుల్లో ఆఫ్ చేసి ఉందేమో కూడా చూడు, చాలామంది అక్కడే మోసపోతారు. నిజంగానే లేకపోతే ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి తీసుకుని, లినక్స్ మింట్ వేసి, నెలరోజులు దానిమీదే అన్ని పనులూ చెయ్యి. ఏది నడిచింది, ఏది నడవలేదు, ఎక్కడ విసుగొచ్చిందో ఆ రోజుకారోజు నోట్ చేసుకో. ప్రింటర్, వీడియో కాల్, నిద్రలోంచి లేపితే లేస్తుందా లేదా, బ్యాటరీ ఎంతసేపు వస్తోంది, ఇవి తప్పకుండా చూడు. ఆ తర్వాత రాసి పంపు, మైక్రోసాఫ్ట్‌ను ఎంత తిట్టినా అభ్యంతరం లేదు.

వైఫై దగ్గర తేడా కొట్టే అవకాశం ఎక్కువ. అలా అయితే టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ (lspci) కొట్టి, నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న లైను అలాగే నాకు పంపించు, చిప్ ఏదో చూసి డ్రైవర్ సంగతి చెబుతా.

ఉంటాను,
మామయ్య