కెంపుల హారం చేయించే ముందు

నెల్లూరు

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. పాప పెళ్ళికి కెంపుల హారం, పచ్చల కమ్మలు, పెళ్ళికొడుక్కి కనకపుష్యరాగం ఉంగరం అనుకున్నామని, ఒంగోలులో చూడటానికి ఒకేలా ఉన్న కెంపులకు మూడు ధరలు చెప్పారని రాశావు. వాటిలో ఏది అసలు, ఏది నకిలీ అని అడిగావు. బజార్లో ఉన్నవి అసలు, నకిలీ అని రెండే కాదమ్మా. గనిలో దొరికాక కోసి మెరుగు పెట్టడం తప్ప మరేమీ చేయనిది సహజమైన రాయి. గనిలోదే గానీ వేడి చేసో, నూనె పట్టించో, గాజు నింపో అందం పెంచితే అది ట్రీటెడ్. ల్యాబులో తయారైనా అదే పదార్థం, అదే గట్టిదనం ఉన్నది సింథటిక్. రంగుగాజు లాంటివి ఉత్త అనుకరణలు. అమెరికన్ డైమండ్ అనేది ఈ చివరి రకం. ల్యాబులో పెంచిన వజ్రం మాత్రం నిజంగా వజ్రమే.

హారం సంగతి ముందు చెప్తాను. దానికి సింథటిక్ కెంపులే పెట్టించు. వందకు పైగా చిన్న రాళ్ళు ఒకే రంగులో కావాలంటే సహజమైనవి ఏరడానికే నెలలు పడుతుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. రేపు ఎప్పుడైనా ఆ హారం మార్చబోతే కొట్టువాళ్ళు రాళ్ళ బరువు తీసేసి బంగారానికే లెక్క కడతారు. చిన్న రాళ్ళమీద పెట్టిన డబ్బు తిరిగి రాదు. బంధువులు ఏమనుకుంటారో అని నువ్వు టెన్షన్ పడుతున్నట్టున్నావు. ఫ్రాన్సులో వెర్నూయి అనే శాస్త్రవేత్త అల్యూమినా పొడిని మంటలో కరిగించి కెంపు చేసే పద్ధతిని 1902లో ప్రకటించాడు. అప్పట్నించీ ఆ రాళ్ళు కుప్పలుగా వచ్చాయి. బర్మా కెంపులని ఇళ్ళల్లో చెప్పుకునే పాత నగల్లో కూడా అవి కనిపిస్తుంటాయి. సింథటిక్ ధరకే సింథటిక్ కొనుక్కుంటే అందులో నామోషీ ఏముంది?

ఆ రాయిని గుర్తు పట్టడం నీకూ వస్తుంది. పట్టకారుతో పట్టుకుని, టార్చి వెలుగు పక్కనుంచి వేసి, పదింతలు చూపించే భూతద్దంలో మెల్లగా తిప్పి చూడు. వెర్నూయి రాయిలో గ్రామఫోను రికార్డు మీది గీతల్లా వంపు తిరిగిన సన్నటి గీతలు, గుండ్రటి గాలిబుడగలు ఉంటాయి. గనిలో రాయికి వంపు గీతలుండవు. ఉంటే తిన్నటి గీతలు, కోణాలు, ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే వెంట్రుకల్లాంటి సూదులు. అయితే ల్యాబులో వేరే పద్ధతుల్లో చేసినవాటిలో ఈ వంపు గీతలు ఉండవు కాబట్టి పెద్ద రాయికి కంటిచూపును నమ్ముకోకు.

నేను వద్దని గట్టిగా చెప్పేది ఒక్కటే, గాజు నింపిన కెంపు. నీకు చెప్పిన మూడు ధరల్లో అన్నిటికన్నా పెద్ద రాయి, 'నేచురల్' అన్నమాట, చవక ధర, ఈ మూడూ కలిసినది అదే అయ్యుంటుందని నా అనుమానం. పగుళ్ళతో నిండిన నాసిరకం కెంపులో సీసం కలిసిన గాజు కరిగించి పోస్తారు. 2004 ప్రాంతం నుంచి ఇవి బజారును ముంచెత్తాయి. ఒకావిడ వేరేచోట ఉంగరం సైజు పెంచించుకుని, రాయి పాడైందని ఇక్కడ ఆచారి వీధిలో నా దగ్గరికి తెచ్చింది. టంకం వేడికి, తర్వాత ముంచిన ఆమ్లానికి పగుళ్ళలోని గాజు కరిగిపోయి, రాయి మీద తెల్లటి వల పరిచినట్టుంది. గోరు పెడితే గరుగ్గా తగిలింది. దాన్ని బాగుచేసే దారి లేదు. నిమ్మరసం కూడా ఆ గాజును తినేస్తుంది, వంటింట్లో తిరిగే చేతికి అది ఎన్నాళ్ళు నిలుస్తుంది? భూతద్దంలో తిప్పితే పగుళ్ళ వెంట నీలం మెరుపు, లోపల బుడగలు కనిపిస్తాయి.

వేడి చేసిన రాయిని మాత్రం దీంతో ఒక గాటన కట్టకు. శ్రీలంకలో పాలరంగులో దొరికే గేవుడా రాళ్ళను 1970ల్లో థాయిలాండ్ వాళ్ళు కొని, 1500 డిగ్రీలు దాటిన వేడిలో పెట్టి మంచి నీలాలు చేశారు. ఇప్పుడు బజార్లోని కెంపులు, నీలాల్లో చాలావరకు వేడి చూసినవే. ఆ రంగు పోదు, నిశ్చింతగా పెట్టుకోవచ్చు. వేడి చేయలేదన్న రాయికి ధర బాగా ఎక్కువ. ల్యాబు కాగితంలో ఆ మాట లేకపోతే ఆ ధర ఇవ్వకు.

పెళ్ళికొడుకు ఉంగరానికి ఆ కాగితం తప్పనిసరి. పుష్యరాగాల్లో బెరీలియం అనే లోహం చొప్పించి పసుపు రంగు తెప్పించేవి ఉన్నాయి. 2002 ప్రాంతంలో ఈ పని బయటపడింది. దాన్ని నా కళ్ళు పట్టలేవు, భూతద్దమూ పట్టలేదు, పెద్ద యంత్రాలు కావాలి. జీఐఏ, ఐజీఐ లాంటి ల్యాబు రిపోర్టు అడుగు, దాని నంబరు వాళ్ళ వెబ్‌సైట్‌లో నువ్వే చూసుకో. జాతకం కోసం పెట్టించేదైతే వేడి చేసినది పనికొస్తుందా అని మీ సిద్ధాంతిగారిని కొనకముందే అడగండి. కొన్నాక అడిగితే అల్లుడుగారు బాధపడతారు.

పచ్చల విషయంలో నూనె లేనిది కావాలని పట్టుబట్టకు. పచ్చకు పుట్టుకతోనే పగుళ్ళుంటాయి, నూనె పట్టించడం ఎప్పట్నించో ఉన్న ఆచారం. ఆ నూనె కొద్దిగానా, ఎక్కువా అన్నదే రిపోర్టులో చూడు. కమ్మల్ని వేడినీళ్ళలో వేయొద్దు, కొట్టులో అల్ట్రాసోనిక్ మెషిన్‌లో కడిగించొద్దు. మన గూడూరు వైపు అబ్రకం గనుల్లో దొరికే బెరిల్ కూడా పచ్చ జాతిదే, కానీ ఆ జాతి రాయికి క్రోమియమో వనేడియమో చేరి ఆకుపచ్చ రంగు వస్తేనే పచ్చ అంటారు. కాబట్టి ఎవరైనా "గూడూరు పచ్చ" అని తెస్తే తీసుకోకు.

నీలం రాయిని పాలలో వేస్తే పాలు నీలంగా కనబడాలి, అసలు రాయి గాజును గీయాలి అని చెప్పేవాళ్ళ మాటలు పట్టించుకోకు. సింథటిక్ కూడా అదే పదార్థం కాబట్టి గాజును అదీ గీస్తుంది. కొట్లో పెన్నులాంటి డైమండ్ టెస్టర్ కూడా అంతే, ల్యాబు వజ్రానికీ గని వజ్రానికీ ఒకేలా మోగుతుంది.

ఇక బిల్లు. హాల్‌మార్కు, నగ మీద వేసే అక్షరాలు, అంకెలు కలిపి ఆరుండే గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ బంగారం గురించే చెప్తాయి, రాయి గురించి ఒక్క మాట చెప్పవు. అందుకని రాయి పేరు, సహజమా ట్రీటెడా సింథటికా, ఎన్ని క్యారెట్లు అన్నది బిల్లులో రాయించు. రాయనంటే లేచి వచ్చెయ్. 5 క్యారెట్లు ఒక గ్రాము. హారంలో 40 క్యారెట్ల రాళ్ళుంటే 8 గ్రాములు, అంటే ఒక సవర. ఆ బరువు బంగారంలో కలిపేస్తే సవర డబ్బు ఊరికే కట్టినట్టు.

రాళ్ళు విడిగా ఉండగానే చూడాలి. కుందనంలో బిగించాక వెనక రేకు రంగు రాయికి వచ్చేస్తుంది, అప్పుడు నేను చూసినా లాభం లేదు. కాబట్టి హారం రాళ్ళ పొట్లాలు, కమ్మల పచ్చలు పొదగడానికి ఇవ్వకముందే తీసుకుని ఇటు రా. మధ్యాహ్నం లోపు వస్తే పెరటి వరండాలో వెలుతురు బాగుంటుంది. అక్కయ్య మోకాళ్ళకు ఓపిక ఉంటే తననీ తీసుకురా.

ఇట్లు,
మామయ్య