గోవా ప్రయాణానికి చిట్టీ పాడాలా, కార్డు వాడాలా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా ఇద్దరి జీతాలు కలిపి నెలకు 94,000 రూపాయలు చేతికొస్తాయి. డిసెంబరు చివరి వారంలో మేమిద్దరం, 11 ఏళ్ల పాప, 6 ఏళ్ల బాబు, 66 ఏళ్ల అత్తగారు మూడు రాత్రులకు గోవా వెళ్లాలనుకుంటున్నాం. విమానం, హోటల్ కలిపి 1,18,000 అంటున్నారు. పెట్టెలు, బట్టలు, చెప్పులు, సన్‌స్క్రీన్ వంటివాటికి మరో 34,000 అవుతుందని జాబితా రాసుకున్నాను. చేతిలో ఉన్నది 50,000. మిగతాది క్రెడిట్ కార్డుపై నో కాస్ట్ ఈఎంఐగా పెట్టుకోవాలా, లేక రెండు లక్షల చిట్టీ పాడుకోవాలా? చిట్టీ 20 నెలలది. ఆరు వాయిదాలు కట్టాం. వచ్చే జూన్‌లో కట్టాల్సిన పిల్లల ఫీజుల కోసం వేసుకున్నాం. ఇప్పుడు పాట 45,000 దాకా పోతోంది.

జవాబు: రెండూ వద్దని నా సలహా. ప్రయాణం మానుకోమని కాదు, తేదీ మార్చుకోమని చెబుతున్నాను.

ముందు చిట్టీ సంగతి చూద్దాం. ప్యాకేజీకి మీకు తక్కువైంది 68,000. దానికోసం ఇప్పుడు పాడితే 45,000 వదులుకొని 1,55,000 తెచ్చుకుంటారు, ఆ తర్వాత మిగిలిన 14 వాయిదాలూ కట్టుకుంటూ పోవాలి. పాడినవారు వదులుకున్న సొమ్ములో నిర్వాహకుల కమీషన్ పోగా మిగిలినది సభ్యులందరికీ పంచుతారు కనుక, చిట్టీ ఆగగలిగినవారికే కలిసొస్తుంది. ఫీజుల వేళకు, అంటే మే నెలలో, మీరు పాట పాడేనాటికి పోటీ సాధారణంగా చల్లబడి ఉంటుంది. ఇప్పుడు తెచ్చిన డబ్బులో ప్యాకేజీ పోగా మిగిలే 87,000 జూన్ దాకా కదలకుండా ఉంటుందని మీరు నమ్మవచ్చు గానీ, ఇన్నేళ్లుగా ఇళ్ల లెక్కలు చూస్తున్న నేను నమ్మలేను.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. పేరెలా ఉన్నా, బ్యాంకు వడ్డీ లెక్క కడుతుంది. ఆ మేరకు అమ్మేవారు ధరలో తగ్గించి చూపుతారు. ఏడాదికి 15 శాతం చొప్పున 68,000ను 12 నెలల్లో తీరిస్తే వడ్డీ సుమారు 5,650 అవుతుంది. అది మీకు తగ్గింపుగా వచ్చినా, దానిపై 18 శాతం జీఎస్టీ, అంటే మరో వెయ్యి రూపాయలు, దానితోపాటు ప్రాసెసింగ్ రుసుము మీరే కట్టాలి. ఇది భరించలేని భారం కాదని ఒప్పుకుంటాను. నా భయమంతా ఆ 34,000 గురించే. చేతిలోని 50,000 ప్యాకేజీకే పోతుంది కనుక సామాన్లన్నీ కూడా అదే కార్డు మీదకు ఎక్కుతాయి. గడువులోగా బిల్లు పూర్తిగా కట్టలేక కనీస మొత్తంతో సరిపెట్టిన నెల నుంచి వడ్డీ నెలకు మూడున్నర శాతం పైన కూడా పడవచ్చు, పాత బాకీ తీరేవరకు కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా ఉండదు.

మీ ఉత్తరంలో నాకు కనబడిన అసలు లోటు మరొకటి ఉంది. కొనుగోళ్లకు 34,000 రాసుకున్న మీరు, అక్కడ దిగాక తిండికి, టాక్సీకి, పిల్లలు అడిగే పడవ షికారుకు ఒక్క రూపాయి కూడా రాసుకోలేదు. అయిదుగురికి కనీసం 20,000 అనుకోండి. అంటే మీ ప్రయాణం ఖర్చు 1,18,000 కాదు, 1,72,000.

ఫిబ్రవరి రెండో వారానికి మార్చుకుంటే మీకు అయిదు నెలల వ్యవధి దొరుకుతుంది. అప్పటికీ గోవాలో వానలుండవు, కొత్త సంవత్సరపు రద్దీ మాత్రం తగ్గిపోతుంది. పిల్లల పరీక్షల తేదీలు బడిలో కనుక్కొని, శని ఆదివారాలకు అటూ ఇటూ ఒక్కో రోజు సెలవు కలుపుకోండి. హోటల్ చూసేటప్పుడు గది ధర రోజుకు 7,500 దాటకుండా జాగ్రత్తపడాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి అంతవరకు ఉన్న గదులపై జీఎస్టీ 5 శాతమే కాగా, ఆపైన 18 శాతం. 7,400 గదికి పన్నుతో 7,770 అయితే, 7,600 గదికి 8,968 అవుతుంది. మీకు రెండు గదులు, మూడు రాత్రులు కావాలి కనుక ఆ 200 రూపాయల తేడాయే మొత్తం మీద 7,188 రూపాయలవుతుంది.

ఇప్పుడు జాబితా. దీనిపై కొంచెం ఎక్కువసేపు కూర్చున్నాను, ఎందుకంటే మీరు మిగుల్చుకోగలిగింది ఎక్కువగా ఇక్కడే ఉంది. రెండు కొత్త పెట్టెలకు 11,000 రాశారు. దేశీయ విమానాల్లో ఎకానమీ టికెట్‌పై సాధారణంగా మనిషికి 15 కిలోల లగేజీ, 7 కిలోల చేతిసంచి ఉచితం. అయిదుగురికి 75 కిలోలు. మూడు రాత్రులకు అంత సామాను మీ దగ్గర ఉండదు, పైగా గట్టి పెట్టె ఖాళీగానే మూడు నాలుగు కిలోలు తూగుతుంది. ఇంట్లో ఉన్న పెట్టెలు చాలు.

బట్టలకు రాసిన 14,000లో నిజంగా అవసరమైనవి ఈత దుస్తులే, విచిత్రంగా మీ జాబితాలో లేనివి కూడా అవే. చాలా హోటళ్లలో నూలు బట్టలతో ఈతకొలనులోకి దిగనివ్వరు. అప్పటికప్పుడు అక్కడి దుకాణంలో కొంటే చెప్పిన ధరే ఇవ్వాలి. పిల్లలకు రెండేసి జతలు, మీకు ఒక్కో జత ఇక్కడే కొనుక్కోండి. వాటిలో పొడుగు చేతుల నైలాన్ చొక్కాలు తీసుకోండి. ఇది డబ్బు లెక్కే: పెద్ద మనిషి ఒంటికంతా ఒకసారి రాయడానికి దాదాపు 30 మిల్లీలీటర్ల సన్‌స్క్రీన్ పడుతుంది, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మీరు రాసుకున్న 50 గ్రాముల రెండు ట్యూబులు మొదటి మధ్యాహ్నానికే అయిపోతాయి. చేతులు, వీపు చొక్కాతో కప్పితే ముఖానికి, మెడకు, కాళ్లకు రాస్తే సరిపోతుంది. చెప్పులకు 4,500 అనవసరం. కొత్త చెప్పులు ఇసుకలో కరుస్తాయి. ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులే అక్కడికి సరైనవి. గాలి ఊదే టైరు కూడా కొట్టేశాను. మేము అలా కొన్నది ఒక్కసారి నీళ్లు చూసి, ఎనిమిదేళ్లుగా మా అటక మీద ఉంది. అత్తగారి మందులు మాత్రం ప్రయాణపు రోజులకు మరో మూడు రోజులవి కలిపి, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే పెట్టండి. ఈ విధంగా చూస్తే 34,000 జాబితా 12,000లో తేలుతుంది.

చేతిలోని 50,000కు సెప్టెంబరు నుంచి జనవరి వరకు నెలకు 15,000 కలిపితే 1,25,000 అవుతుంది. అందులో 12,000 సామాన్లకు, 20,000 అక్కడి ఖర్చులకు పోగా, ప్రయాణానికి, బసకు 93,000 మిగులుతుంది. బ్యాంకుల్లో రికరింగ్ డిపాజిట్ కనీస గడువు సాధారణంగా ఆరు నెలలు కాబట్టి అది మీకు పనికిరాదు. జీతం పడే ఖాతా కాకుండా వేరే పొదుపు ఖాతాలోకి ఒకటో తారీఖునే బదిలీ అయ్యేలా ఏర్పాటు చేసుకోండి. వడ్డీ నామమాత్రమే, కానీ ఆ డబ్బు కంటికి దూరంగా ఉంటుంది.

93,000లో ఇమడకపోతే ఒకవైపు రైలెక్కండి. సికింద్రాబాద్ నుంచి వాస్కోడగామాకు నేరుగా రైలుంది, 60 రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు. పెద్దలకు ఇచ్చే రాయితీ 2020లోనే ఆగిపోయింది. పిల్లలిద్దరికీ బెర్తు కావాలంటే పూర్తి చార్జీ పడుతుంది. విమానమైతే టికెట్ ధరతోపాటు దిగే చోటు చూడండి. గోవాలో రెండు విమానాశ్రయాలున్నాయి: మోపా ఉత్తర గోవాలో ఉంది, డబోలిం వాస్కో పక్కన ఉంది. చవక టికెట్‌తో మోపాలో దిగి దక్షిణాన కోల్వాకు టాక్సీ మాట్లాడుకుంటే మిగిలింది కాస్తా అక్కడే పోతుంది.

మీ జీతంలో ఎల్టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉండి, మీరు పాత పన్ను విధానంలో ఉంటే టికెట్లు, బోర్డింగ్ పాసులు దాచండి. మినహాయింపు ప్రయాణ చార్జీలకే వర్తిస్తుంది, హోటల్‌కు, తిండికి కాదు.

ఈ ఆదివారం ఆ పాత పెట్టెలు అటక మీద నుంచి దించి చక్రాలు, జిప్పులు చూడండి. ఒక చక్రం విరిగి ఉంటే కోఠిలో మార్పించుకోవచ్చు. దానికయ్యేది ఆ 12,000లోనే రాసుకోండి.