సిండోపాతో వికారం, వణుకూ తగ్గలేదు. ఏం చేయాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. కుడి చెయ్యి వణుకుతోందని చూపిస్తే పార్కిన్సన్స్ తొలిదశ అన్నారు. సిండోపా 110 రోజుకు మూడు రాశారు. టిఫిన్ తిన్నాక పాలతో వేసుకుంటున్నారు. నెలయింది. వికారంగా ఉంటోంది, వణుకు అలాగే ఉంది. మందుల షాపులో వికారానికి పెరినార్మ్ ఇచ్చారు. ‘సిండోపా ఇప్పుడే వాడేస్తే రేపు పనిచేయదు, దూలగొండి పొడి, కోఎంజైమ్ క్యూ10 వాడండి’ అంటున్నారు బంధువులు.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పెరినార్మ్ వెయ్యకండి. అందులోని మెటోక్లోప్రమైడ్ మెదడులో డోపమిన్‌కు (కదలికలను నడిపే రసాయనం, పార్కిన్సన్స్‌లో తగ్గేది ఇదే) అడ్డుపడుతుంది, వణుకు పెరుగుతుంది. కళ్లు తిరుగుతున్నాయంటే ఇచ్చే స్టెమెటిల్, స్టుజెరాన్‌లతోనూ అదే చిక్కు. వికారానికి డోంపెరిడోన్ వాడొచ్చు, అదీ డాక్టరు ఈసీజీ చూశాకే.

ఇక స్ట్రిప్ మీద చదవండి. 110 అంటే లెవోడోపా 100, కార్బిడోపా 10 మి.గ్రా. లెవోడోపా మెదడుకు చేరాక డోపమిన్‌గా మారాలి, చేరకముందే ఒంట్లో మారిపోతే వికారం వస్తుంది. దాన్ని ఆపేది కార్బిడోపా. ఆ పనికి రోజుకు 70 నుంచి 100 మి.గ్రా. కావాలి, మీ నాన్నగారికి అందుతున్నది 30! సిండోపా ప్లస్‌లో లెవోడోపా అంతే ఉంటుంది, కార్బిడోపా మాత్రం 25. దానికి మార్చమని డాక్టరుగారిని అడగండి.

పాలు, పప్పు, గుడ్డులోని మాంసకృత్తులు పేగుల్లో ఈ మందుతో పోటీ పడతాయి. మాత్ర టిఫిన్‌కు అరగంట ముందు మంచినీళ్లతో వేయించండి. వికారమైతే రెండు మేరీ బిస్కెట్లు చాలు. ఐరన్ మాత్రకు రెండు గంటల ఎడం ఉండాలి.

దాచుకుంటే రేపటికి పనికొస్తుందన్నది అపోహ. నెదర్లాండ్స్‌లో కొందరికి వెంటనే, కొందరికి 40 వారాల తర్వాత ఈ మందు మొదలుపెట్టి చూశారు. 80 వారాలకు రెండు జట్ల మధ్యా తేడా లేదు. 2019లో వచ్చిన ఫలితమిది. దాచుకున్నన్నాళ్లూ చొక్కా గుండీ పెట్టుకోలేక అవస్థపడటమే మిగులుతుంది.

దూలగొండి గింజలో నిజంగానే లెవోడోపా ఉంది. చెంచాకు ఎంతో తెలియదు, కార్బిడోపా ఉండదు. మాత్రతో కలిపితే మోతాదు మించుతుంది. క్యూ10ను అమెరికాలో రోజుకు 2400 మి.గ్రా. దాకా ఇచ్చి చూసి, ఫలితం లేదని 2011లో ఆపేశారు. ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టండి.

వణుకు మిగతా లక్షణాలకన్నా మొండిది. అది తగ్గలేదని పాసిటేన్ (వణుక్కి ఇచ్చే మరో మందు) రాస్తే, ఈ వయసులో మతిమరుపు, మలబద్ధకం, మూత్రం బిగదీయడం వస్తాయని గుర్తుచేయండి. సిండోపా మోతాదు పెంచే వీలుందేమో ముందు అడగండి. డాక్టరు చెప్పకుండా మాత్ర ఒక్కసారిగా మాత్రం ఆపకండి.